గరికకి ఎరువు వేసిన వేసవి

మా పెరట్లో గడ్డిని మూడేళ్ల పాటు నేను బెర్ముడా అనే పిలిచాను. 2024 ఏప్రిల్‌లో అమ్మానాన్న ఊరి నుంచి అమెరికాలో మా ఇంటికి వచ్చారు. నిద్ర పట్టక తెల్లారుజామున నాలుగింటికే లేచి కూర్చున్న నాన్న, వెలుతురు రాగానే వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్లాడు. నేను కాఫీ పట్టుకుని వెళ్లేసరికి కంచె పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నేల మీద పాకిన తీగనొకదాన్ని రెండు వేళ్లతో పట్టి లాగితే అది ఒక్కో కణుపూ ఊడుతూ మూరెడు పొడవున చేతిలోకి వచ్చింది. అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమ్మా, ఇది గరిక కదా" అన్నాడు.

గరికే. పేరే బెర్ముడా. ఈ మాట నాకు కాగితం మీద తెలుసు, కానీ నాన్న నోటి నుంచి వినేదాకా మనసుకి ఎక్కలేదు.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. నల్లరేగడి నేల, పత్తీ మిరపా వేసేవాళ్లు. ఆ చేలల్లో గరికతో పడిన పాట్లు నా చిన్నతనమంతా చూశాను. ఎండాకాలం లోతు దుక్కి చేయించి, పైకి తేలిన గరిక వేళ్లని ఏరి గట్టు మీద కుప్పేసి, బాగా ఎండాక తగలబెట్టేవాడు నాన్న. ఒక్క కణుపు మట్టిలో మిగిలినా తొలకరి వానకి మళ్లీ లేచేది. అలాంటి మనిషిని పట్టుకుని, "నాన్నా, ఇది పలచబడిపోయింది, ఒత్తుగా రావాలి, ఎట్టాగో చెప్పు" అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "దేనికి చస్తదో తెలిసినోడికి దేనికి బతుకుద్దో తెలియదా" అని లేచాడు.

మా ఇల్లు డాలస్‌కి ఉత్తరాన మెకిన్నీలో. 2021లో కొత్తగా కట్టిన ఇల్లు. కట్టినవాళ్లు యంత్రాలతో తొక్కి తొక్కి గట్టిపరిచిన బంకమన్ను మీదే గడ్డి పలకలు పరిచి వెళ్లిపోయారు. ముందు వైపు బాగానే అంటుకుంది. వెనక 2,400 చదరపు అడుగుల్లో మాత్రం సగానికి సగం మట్టి కనిపించేది. పిల్లలు ఆడుకుని వస్తే వాన కాలంలో కాళ్లకి బంక, ఎండల్లో దుమ్ము. జులైలో నేల నెర్రెలిచ్చేది. నా చెయ్యి పట్టేంత నెర్రెలు. నాన్న ఆ మట్టిని నలిపి చూసి, "ఇది మన రేగడే" అన్నాడు. నిజమే. ఉత్తర టెక్సాస్‌లో ఈ నల్లమట్టి పట్టీని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. ఇళ్లు లేవకముందు ఇదంతా పత్తి పండించిన నేల. పద్నాలుగు వేల కిలోమీటర్లు దాటి వచ్చి, నాన్న తనకి తెలిసిన మట్టిలోనే దిగాడు. అది నాకెంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

అప్పటిదాకా నేను చేసినవన్నీ ఆయన ముందు ఒప్పుకున్నాను. ప్రతి మార్చిలోనూ, గడ్డి ఇంకా సగం గోధుమ రంగులో ఉండగానే, ఇరుగు పొరుగు మొదలుపెట్టారని ఎరువు చల్లేదాన్ని. గరిక వెచ్చదనం కోరే గడ్డి. నేల వేడెక్కి అది పూర్తిగా మేలుకోకముందు వేసిన నత్రజనిని తినేది గరిక కాదు, చలికాలం మొలిచిన కలుపు. నేను నా డబ్బుతో కలుపుని మేపాను. తర్వాత ఆ కలుపు చూసి బెదిరి ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి కలుపు గింజ మొలవకుండా ఆపే మందు చల్లేదాన్ని. ప్రొడయమిన్ అని దొరుకుతుంది.

ఈ మందు సంగతి దగ్గర నాన్న ఆగాడు. డబ్బా మీద పేరు చదివించుకుని, అది మన పత్తి చేలల్లో విత్తనం వేయగానే కొట్టే పెండిమిథాలిన్ కుటుంబంలోదేనా అని అడిగాడు. అవును, రెండూ ఒకటే కుటుంబం. కళ్లజోడు పెట్టుకుని ఖాళీ జాగాలోకి పాకిన ఒక తీగని కదలకుండా పైకెత్తి చూపించాడు. తీగ పచ్చగానే ఉంది. అంగుళంన్నరకొక కణుపు. ప్రతి కణుపు కిందా తెల్లటి వేరు మొదలైంది, కానీ బియ్యపు గింజంత వచ్చి, కొన మొద్దుబారి, బొడిపెలా ఆగిపోయింది. ఒక్కటీ మట్టిలోకి దిగలేదు. "పాకుతానే ఉంది, పాపం, కాలు మోపనిస్తేగా" అన్నాడు. మొలిచే గింజ వేరుని ఆపే మందు, కణుపు దగ్గర పుట్టే కొత్త వేరునీ ఆపుతుంది. ఒత్తుగా ఉన్న పచ్చికకి దీనితో పెద్ద ఇబ్బంది లేదు. పలచబడి, ఖాళీలు పూడ్చుకోవాల్సిన పచ్చికకి మాత్రం ఇది సంకెళ్లే. మూడేళ్లు నేను ఒక చేత్తో అన్నం పెట్టి ఇంకో చేత్తో గొంతు నొక్కాను. ఆ తీగ కింద వేళ్లు చూశాక నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. గడ్డికేమిటి ఇంత అని ఎవరైనా అనుకోవచ్చు. దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

ఆ ఏడు ఇక మందు కొట్టొద్దని నిర్ణయం. కలుపు నాన్న చేత్తోనే తీస్తానన్నాడు, తీశాడు. తుంగ ఇక్కడా ఉంది, పైన లాగితే గడ్డ లోపలే మిగిలిపోయే అదే తుంగ. నేలకి అంటుకుని పాలు కారే ఒక మొక్కని చూసి "ఇది మన నానుబాలుకి చుట్టం" అన్నాడు. జూన్‌లో గంగపాయలాకు కూడా లేచింది. అమ్మ పప్పులోకి కోస్తానని గిన్నె పట్టుకొచ్చింది. ఫిబ్రవరిలో కొట్టిన మందు ఉన్న నేల కదా, నేనే వద్దన్నాను. అమ్మకి ఆ బాధ వెళ్లేదాకా ఉంది.

ఎరువు కొనేముందు నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "భూసార పరీక్ష చేయించావా?" చేయించలేదు. పదిహేను చోట్ల ఆరంగుళాల లోతు నుంచి తీసిన మట్టిని ప్లాస్టిక్ బకెట్లో కలిపి, కాలేజ్ స్టేషన్‌లో ఉన్న టెక్సాస్ ఎ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయం వాళ్ల అగ్రిలైఫ్ ల్యాబ్‌కి పోస్టులో పంపాం. పీహెచ్ 8.1 అని వచ్చింది, అంటే సున్నం ఎక్కువున్న క్షార నేల. భాస్వరం ఎక్కువే ఉంది, పొటాష్ ఎక్కువే ఉంది. కావాల్సింది నత్రజని ఒక్కటే. అంటే ఈ మూడూ కలిసి ఉన్న ఎరువు బస్తాల మీద నేను మూడేళ్లు పెట్టిన ఖర్చులో చాలావరకు అక్కర్లేనిదే. ఎవరైనా ఈ రాత చదివి ఒక్క పనే చేస్తామంటే, ఈ పరీక్ష చేయించండి.

ఇప్పుడు లెక్క. ఇక్కడి వాళ్లు చెప్పేది, దఫాకి వెయ్యి చదరపు అడుగులకి ఒక పౌను నత్రజని. పౌను ఎరువు కాదు, పౌను నత్రజని. అమ్మోనియం సల్ఫేట్‌లో నత్రజని 21 శాతం, కాబట్టి వెయ్యి అడుగులకి 4.76 పౌన్ల ఎరువు పడుతుంది. మా 2,400 అడుగులకి 11.4 పౌన్లు. నేను ఫోన్లో ఇదంతా లెక్కేస్తుంటే నాన్న పాలకవరు వెనక పెన్సిల్‌తో తన లెక్క తను వేసుకుంటున్నాడు. ఆయనకి మా పెరడు అయిదున్నర సెంట్లు. ఎకరం 43,560 అడుగులు గనక ఎకరాకి 43.56 పౌన్ల నత్రజని, అంటే ఇరవై కిలోలకి దగ్గర. మన దగ్గర 45 కిలోల యూరియా కట్టలో 46 శాతం నత్రజని, అదీ ఇరవై కిలోల పైచిలుకే. పెన్సిల్ కింద పెట్టి, "అంటే ఎకరాకి కట్ట. పైపాటుగా మేమేసేదీ అంతేగా. దీనికింత చదువెందుకమ్మా" అన్నాడు. నలభై ఏళ్లు ఆయన చేతి కొలతగా వేసిందీ, విశ్వవిద్యాలయం చెప్పిందీ ఒక్కచోట కలిశాయి. ఆ పాలకవరు ముక్క ఇంకా ఫ్రిజ్ మీద ఉంది.

యూరియానే వేయొచ్చుగా అంటే, వేయొచ్చు, వెయ్యి అడుగులకి 2.17 పౌన్లు చాలు. కానీ సున్నం ఎక్కువున్న నేల మీద, ఎండలో, యూరియా పైన పడి ఉంటే కొంత గాలికి పోతుంది. వెంటనే నీళ్లు కట్టాలి. ఇక్కడ మాకు తోటకి నీళ్లు పెట్టే రోజులు ఊరు నిర్ణయిస్తుంది. అందుకే అమ్మోనియం సల్ఫేట్ తీసుకున్నాం. దాని పులుపు వేరు చుట్టూ కాస్త మేలు చేస్తుందే తప్ప, ఇంత సున్నం ఉన్న నేలని అది మార్చలేదు.

మొదటి దఫా ఎప్పుడు వేయాలన్నది నాన్నకి, నాకు చిన్న వాదన. వాళ్లు వచ్చిన వారమే వేద్దామని నేనన్నాను. ఆయన ఆగమన్నాడు. ఇక్కడి వ్యవసాయ విస్తరణ వాళ్లు చెప్పేదీ అదే: కలుపుని కాదు, అసలు గడ్డిని రెండుసార్లు కోశాకే మొదటి ఎరువు. మాకది ఏప్రిల్ 27న కుదిరింది. అక్కడి నుంచి ఆరు వారాలకొకసారి, జూన్ 8, జులై 20, ఆగస్టు 31, నాలుగు శనివారాలు. ఆగస్టు తర్వాత ఆపేశాం. మాకు నవంబర్ నడిమికి మంచు పడుతుంది. సెప్టెంబర్ దాటాక నత్రజని వేస్తే లేత ఆకు చలికి దొరికిపోతుంది, తెగులూ పట్టుకుంటుంది.

చల్లే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే తొలి దఫాలోనే ఒక తప్పు చేశాను. ఎరువు చల్లే చక్రాల డబ్బాని గడ్డి మీదే నిలబెట్టి అందులో ఎరువు పోశాను. మూత సరిగా పడలేదు, గుప్పెడు కింద కారింది. నాలుగు రోజులకి అక్కడ పళ్లెమంత మేర మాడిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ సిమెంటు మీదే పోసుకున్నాం. ఎరువు సగం చేసి, ఒక సగం తూర్పు పడమరలుగా, రెండో సగం ఉత్తర దక్షిణాలుగా నడిచాం. ఆకు మీద మంచు ఆరాక చల్లి, వెంటనే అరంగుళం లోపు నీళ్లు. సిమెంటు మీద పడ్డ ప్రతి గింజా చీపురుతో గడ్డిలోకి ఊడ్చేదాన్ని. వీధి కాలవలో పడితే అది శుభ్రపడకుండానే వాగులోకి, వాగు నుంచి లావన్ చెరువులోకి పోతుంది. మా ఇంటి కుళాయిలో వచ్చేది ఆ చెరువు నీళ్లే.

నీళ్ల దగ్గర అమ్మ వంటింటి స్టీలు డబ్బాలు ఆరు పోయాయి. స్ప్రింక్లర్ కింద అక్కడొకటి ఇక్కడొకటి పెట్టి, పది నిమిషాలకి ఎంత నిండిందో నాన్న పిల్లల స్కేలుతో కొలిచాడు. ఒక మూల పావంగుళం, కంచె వైపు దానిలో మూడో వంతు కూడా లేదు. అంత పలచబడింది ఆ కంచె వైపే. ఎరువు తక్కువని నేను మూడేళ్లు అనుకున్న చోట తక్కువైంది నీళ్లు. ఆ వైపు నాజిల్ మార్చాం. వారానికి అంగుళం లెక్క పెట్టుకున్నాం. రేగడి ఒక్కసారి మింగదు కాబట్టి ఏడేసి నిమిషాలు మూడు విడతలుగా, మధ్యలో గంట చొప్పున విడిచి కట్టాం.

మే నెలలో యంత్రం అద్దెకి తెచ్చి నేలకి చిల్లులు పొడిచాం. సుద్దముక్కలంత మట్టి కణికలు పెరడంతా పరుచుకున్నాయి. వాటిని అలాగే వదిలేసి, పావంగుళం మందాన చివికిన కంపోస్టు చల్లాం. అయిదున్నర సెంట్లకే రెండు క్యూబిక్ యార్డులు పట్టింది. ఆ కుప్ప ముందు నిలబడి నాన్న గుప్పెడు తీసి వాసన చూశాడు. వచ్చిన నెలలో ఆయన మొహం అంత వెలిగింది అప్పుడే.

కోత గురించి నాకు ఉన్న అభిప్రాయం పూర్తిగా తిరగబడింది. పలచగా ఉంది కదా, ఎత్తు పెరగనిద్దాం అని రెండు వారాలకొకసారి కోసేదాన్ని. నాన్న అన్న మాట, "పశువులు మేసే గట్టు మీద గరిక చూశావుగా. తివాచీలా ఉంటది. మేయని గట్టు మీద మోకాలెత్తు లేచి కింద బోడిగా ఉంటది." కొన తెగితే పక్క కణుపులు కళ్లు తెరుస్తాయి. అంతే కిటుకు. వారానికి రెండుసార్లు, అంగుళంన్నర ఎత్తుకి, ఎప్పుడూ మూడో వంతుకి మించకుండా కోశాం. ఎరువు వేసి కోయకపోవడం కంటే అసలు ఎరువు వేయకపోవడం మేలని ఇప్పుడు గట్టిగా అనిపిస్తుంది.

ఇల్లు కొన్నప్పటి కాగితాల్లో ఈ గడ్డి రకం పేరు టిఫ్‌వే 419 అని ఉంది. జార్జియాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త ఎంపిక చేసి 1960లో విడుదల చేసిన సంకరం. మన గరికా, ఆఫ్రికా సన్న గరికా కలిసి పుట్టింది. దీనికి పనికొచ్చే గింజ ఉండదు. అందుకే ఖాళీల్లో అదే రకం విత్తనం చల్లుదామన్నా దొరకదు, పాకి నిండాల్సిందే. ఆ బర్టన్ గురించి చదువుతుంటే ఇంకో సంగతి కనిపించింది. ఆయన టిఫ్టన్‌లో తయారుచేసిన టిఫ్ట్ 23ఎ అనే సజ్జ రకం నుంచే 1965లో మన దేశపు తొలి హైబ్రిడ్ సజ్జ, హెచ్‌బి-1, వచ్చింది. నాన్నకి చదివి వినిపిస్తే చాలాసేపు అడుగుతూనే ఉన్నాడు, ఆ మనిషి ఏ ఊరు, ఎన్నాళ్లు బతికాడు అని. ఆయన చిన్నప్పుడు ఇంట్లో తిన్నది సజ్జన్నమే మరి.

జూన్ మొదటి వారంలో నాన్న ఖాళీ జాగాల్లో తీగల కొనల దగ్గర ఐస్‌క్రీం పుల్లలు గుచ్చాడు. ఆదివారం ఆదివారం మా చిన్నది స్కేలు పట్టుకుని కొలిచి నోట్‌బుక్‌లో రాసేది. జూన్ 9న పెట్టిన పుల్లకి జూన్ 16న నాలుగంగుళాల దూరంలో ఉంది కొన. జూన్ చివరికి వారానికి ఆరంగుళాలు. అన్నిటికన్నా ముఖ్యం, తీగని లాగితే రావడం మానేసింది. ప్రతి కణుపూ కిందికి దిగింది. ఫిబ్రవరి మందు బలం తగ్గినట్టుంది. నాన్న నన్ను పిలిచి, "లాగు" అన్నాడు. లాగాను. రాలేదు. గరిక రానందుకు నాన్న సంతోషపడటం నేను చూశాను.

జులైలో ఆకులు కొన్నిచోట్ల ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా తిరిగాయి. నత్రజని చాలలేదేమోనని ఇంకాస్త వేయబోయాను. అది ఇనుము అందకపోవడం. సున్నపు నేలలో ఇనుము ఉండి కూడా వేరుకి దొరకదు. అన్నభేది నీళ్లలో కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తే వారంలో రంగు తిరిగింది. నడిచే రాళ్ల మీద పడ్డ చుక్కలు తుప్పు మరకలై ఇంకా ఉన్నాయి. ముందే తడిపి ఉండాల్సింది.

ఓక్ చెట్టు కింద మాత్రం ఏం చేసినా రాలేదు. "వేపచెట్టు కింద గరిక ఎక్కడన్నా చూశావా" అన్నాడు నాన్న. ఆరేడు గంటల ఎండ లేని చోట దీనికి ఎంత ఎరువు పోసినా వృథా. అక్కడ చెక్కపొట్టు పరిచి వదిలేశాం.

ఒక మూల కథ వేరు. కుళాయి పక్కన, రెండు చేటలంత జాగాలో, ఎక్కడి నుంచో వచ్చిన మామూలు గరిక ఉంది. ఆకు కాస్త వెడల్పు, రంగు కాస్త లేత. సంకర రకం పెంచేవాళ్లు దాన్ని కలుపు కిందే లెక్కేసి తీసేస్తారు. నాన్న చుట్టూ నాలుగు ఇటుకలు పెట్టి, ఇక్కడ మందు వద్దు, ఎరువు వద్దు, కోత వద్దు అన్నాడు. మందు నేనెప్పుడూ గోడ దాకా చల్లలేదు గనక ఆ మూలకి అది చేరలేదు. సెప్టెంబర్ 7న వినాయక చవితి. మాచీపత్రీ వాకుడాకూ ఇక్కడెక్కడ దొరుకుతాయి, ఉన్నవాటితో సర్దుకున్నాం. నాలుగో పత్రి దగ్గరికి వచ్చేసరికి, గజాననుడికి దూర్వాయుగ్మం అని నేను చదువుతుంటే, మా చిన్నది ఆ ఇటుకల మధ్య నుంచి తెచ్చిన పోచల్ని రెండేసి రెండేసి వేసింది. కణుపు కణుపు నుంచీ మొలిచేదానా, మా వంశాన్నీ అలాగే వందలుగా వేలుగా పెంచు అని గరికని అడిగే వేదమంత్రం ఒకటుంది. నాన్న అది చెప్పించుకుని మళ్లీ విన్నాడు. ఐస్‌క్రీం పుల్లలతో కొలిచిన వేసవి తర్వాత ఆ మాటలో ఒక్క అక్షరం కూడా అలంకారం అనిపించలేదు నాకు.

అక్టోబర్ మొదటి వారంలో వాళ్లు వెళ్లేటప్పటికి పెరట్లో మట్టి కనిపించే చోటు, ఓక్ కింద మినహాయిస్తే, కంచె పొడవునా ఒక జానెడు పట్టీ.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. ఫిబ్రవరిలో మందు కొట్టలేదు, దానివల్ల కలుపు కాస్త లేచింది, చేత్తో తీస్తున్నాను. నిన్న రెండో కోత అయింది. శనివారానికి 11.4 పౌన్లు తూచి బకెట్లో పెట్టి ఉంచాను. పొద్దున వీడియో కాల్లో ఫోన్ తిప్పి కంచె దగ్గరి పట్టీ చూపించబోతే, "అది నిండుద్దిలే, ముందు కుళాయి దగ్గర చూపించు" అన్నాడు నాన్న. చూపించాను. ఇటుకల మీదికి ఎక్కి అవతల కాలు మోపింది.